కంటి లోపల దీపం

గుడ్లవల్లేరు నుంచి తాడిగడప దాకా గంటన్నర ప్రయాణం. ఆ దారి చివర ఓ గదిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. అంగుళం కూడా నిండని కంటిగుడ్డులోకి సూది మొనంత దీపాన్ని పంపుతారు. ఆ వెలుగులోనే ఊడిపోయిన చూపును తిరిగి అతికిస్తారు. డెల్టా పల్లెల నుంచి ఆ దీపం దాకా సాగే దారి కథ ఇది.

గుడివాడలో బందరు రైలెక్కితే కాసేపటికే గుడ్లవల్లేరు వచ్చేస్తుంది. అటూ ఇటూ వరి చేలు, మధ్య మధ్య చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి చెట్లు. కృష్ణమ్మకు బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట కట్టారు. తర్వాత దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కణ్నుంచి బయల్దేరిన నీళ్లు కాలువలుగా, పంట బోదెలుగా చీలి ఈ నేలంతా పాకుతాయి. గుడ్లవల్లేరు మండల కేంద్రమే అయినా ఊరి తీరు మాత్రం పల్లెదే. 1998లో ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాక పొద్దుటిపూట పుస్తకాల సంచుల సందడి తోడైంది. అంతే తేడా.

రైలు ఇంకా ముందుకెళితే కవుతరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి... ఆఖరున బందరు. ఈ దారిలో ఊళ్లన్నీ ఒక రకంగా కళ్లను పెట్టుబడిగా పెట్టి బతుకుతున్నవే. పెడనలో టేకు చెక్క మీద పువ్వులూ లతలూ చెక్కే అచ్చుల పనివాళ్లున్నారు. గీత ఒక్కటి పక్కకు పోతే అచ్చు పనికిరాదు. కరక్కాయ నీళ్లలో నానబెట్టిన గుడ్డ మీద ఒక అచ్చు అంచుకు ఇంకో అచ్చు అంచు తగిలించి కలంకారీ అద్దేవాళ్లున్నారు. మగ్గం గుంటలో కూర్చుని తెగిన పోగును వేళ్లతో వెతికి ముడివేసే నేతగాళ్లున్నారు. చిలకలపూడిలో రోల్డు గోల్డు నగల మీద ఆవగింజంత రాయిని పొదిగేవాళ్లున్నారు. ఇటు పామర్రు దాటి పక్కకు వెళితే కూచిపూడి. అక్కడ కళ్లే మాట్లాడతాయి! దివిసీమ వైపు నాగాయలంకకు వెళితే చీకట్లో నీటి మీద నిఘా వేసి వలలు లాగే మత్స్యకారులు.

ఇలాంటి చోట చూపు పోవడమంటే వెలుగొక్కటే పోవడం కాదు. పూట గడవడమూ కష్టమైపోతుంది.

కోతలయ్యాక చూద్దాంలే!

ఈ పల్లెల్లో ఏ పెద్దాయనకైనా ఉన్నట్టుండి కళ్ల ముందు నల్ల దోమలు ఎగురుతున్నట్టు అనిపించిందనుకోండి. పక్కింటి కుర్రాడు ఏమంటాడు? ''వయసైంది కదా బాబాయ్, శుక్లాలొచ్చి ఉంటాయి. కోతలయ్యాక ఆపరేషన్ చేయిద్దాంలే'' అంటాడు. బాబాయ్ కూడా ''అంతేరా అబ్బాయ్, ఇప్పుడు పని వదిలేసి ఎక్కడికెళ్తాం'' అని సరిపెట్టుకుంటాడు.

శుక్లం అయితే అది సాధారణంగా పెద్ద ప్రమాదమేమీ కాదు. శుక్లం అంటే కంటి ముందు భాగంలోని కటకం మసకబారడం. నెల ఆగినా రెండు నెలలు ఆగినా చాలామందిలో ఆపరేషన్ తర్వాత చూపు తిరిగొస్తుంది. చిక్కంతా కంటి వెనుక గోడకు అంటుకుని ఉండే రెటీనాతోనే. సినిమా హాల్లో తెర ఎలాంటిదో కంటికి రెటీనా అలాంటిది. దాని మందం సుమారు పావు మిల్లీమీటరు. అది చిరిగి, ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే... తడిసిన గోడకు అంటించిన కాగితంలా ఊడి వచ్చేస్తుంది. మొదట ఒక మూల నుంచి నల్లటి తెర దిగుతున్నట్టు అనిపిస్తుంది. ఆ తెర చూపు కేంద్రం దాకా రాకముందే ఆపరేషన్ జరిగితే చూపు చాలావరకు నిలుస్తుంది. కేంద్రం కూడా ఊడిపోయాక రోజులు గడిచే కొద్దీ, తిరిగి అతికించినా మునుపటి చూపు రావడం కష్టమవుతుంది. ఇక్కడ గడువు గంటల్లో, రోజుల్లో ఉంటుంది. కోతల దాకా ఆగదు!

మధుమేహం ఉన్నవాళ్లది ఇంకో తంటా. రెటీనా మీద అక్కర్లేని సన్నటి రక్తనాళాలు మొలుస్తాయి. అవి చిట్లితే కంటినిండా రక్తం పరుచుకుంటుంది. రాత్రి బాగానే నిద్రపోయిన మనిషికి తెల్లారేసరికి అంతా ఎర్రగానో నల్లగానో కనిపిస్తుంది. ఆ నాళాల వెంట ఏర్పడే పొరలు రెటీనాను పట్టి లాగేస్తాయి కూడా.

ఈ రెంటికీ చాలా సందర్భాల్లో దారి ఒకటే. కంటి లోపలికి వెళ్లి పనిచేయాలి. ఆ పని చేయాలంటే ముందు లోపల ఏముందో కనపడాలి. అసలు కథంతా అక్కడే ఉంది.

పాప నల్లగా ఎందుకుంటుంది?

పిల్లలు అడిగే ప్రశ్నే ఇది. ఎదుటివాళ్ల కంటిపాపలోకి చూస్తే నల్లగానే ఎందుకు కనపడుతుంది? లోపల ఎర్రటి రెటీనా ఉంది కదా!

కంట్లోకి వెళ్లిన వెలుగు వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది. దాన్ని చూడాలంటే దీపం ఉన్న చోటే మన కన్నూ ఉండాలి. తీరా అక్కడ తల పెడితే మన తలే దీపానికి అడ్డం! ఈ చిక్కుముడిని విప్పినవాడు జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్. దీపాన్ని పక్కన పెట్టి, గాజు పలకల మీద ఆ వెలుగును పరావర్తనం చేసి కంట్లోకి పంపి, అదే పలకల్లోంచి తాను చూశాడు. ఆ పరికరం గురించి 1851లో లోకానికి చెప్పాడు. బతికున్న మనిషి రెటీనాను వైద్యులు చక్కగా చూడగలిగింది అప్పట్నుంచే. తర్వాత చార్లెస్ షెపెన్స్ అనే వైద్యుడు దీపాన్ని ఏకంగా డాక్టరు నుదుటి మీదకు చేర్చాడు. రెండు కళ్లతోనూ రెటీనా అంచుల దాకా చూసే వీలు కల్పించాడు. కంటి ఆసుపత్రిలో తలకు పట్టీ కట్టుకుని, చేతిలో భూతద్దం లాంటిది పట్టుకుని చూసే డాక్టరుగారు గుర్తొస్తున్నారా? ఆ పరికరం వంశవృక్షం ఇదే.

ఆ షెపెన్స్ దగ్గర శిక్షణ పొందినవారిలో మన పక్క రాష్ట్రం వైద్యుడు ఎస్.ఎస్. బద్రీనాథ్ ఒకరు. ఆయన 1978లో చెన్నైలో శంకర నేత్రాలయ స్థాపించారు. రెటీనా జబ్బంటే తెలుగువాళ్లు మద్రాసు రైలెక్కే రోజులు చాలామందికి తెలుసు. బద్రీనాథ్ 2023 నవంబరులో కన్నుమూశారు.

అయితే చూడటం వేరు... లోపల చెయ్యి పెట్టి పనిచేయడం వేరు.

కోడిగుడ్డు చెప్పిన పాఠం

కంటిగుడ్డు సుమారు 24 మిల్లీమీటర్ల గోళం. లోపల విట్రియస్ అనే జెల్లీ ఓ నాలుగు మిల్లీలీటర్లు ఉంటుంది. చూడ్డానికి అచ్చం కోడిగుడ్డు తెల్లసొన! దాన్ని లాగితే రెటీనా కూడా చిరిగి వచ్చేస్తుందన్న భయంతో వైద్యులు చాలాకాలం దాని జోలికి పోలేదు. అమెరికాలోని మయామీలో పనిచేస్తున్న రాబర్ట్ మాకెమర్ ఆ భయాన్ని పోగొట్టారు. జెల్లీని లాగకుండా అక్కడికక్కడే కొరికి పీల్చేసే గొట్టం తయారుచేసి, దాన్ని కోడిగుడ్డు తెల్లసొన మీదే పరీక్షించి చూశారు. 1970లో మనిషి కంటికి ఆ ఆపరేషన్ చేశారు. విట్రెక్టమీ అని ఇప్పుడు అందరూ పిలిచేది దాన్నే.

అప్పట్లో వెలుగు ఎక్కణ్నుంచి? పైనున్న మైక్రోస్కోపు దీపమే దిక్కు. అది కంటిపాప అనే చిన్న కిటికీలోంచి లోపలికి దిగాలి. కొంత కార్నియా మీదే మెరిసి డాక్టరు కళ్లలోనే కొట్టేది. కిటికీ బయట నిలబడి టార్చి వేస్తే గది మూలలు కనపడతాయా? అద్దంలో మన టార్చే మెరుస్తుంది. అందుకే దీపాన్నే గదిలోకి తీసుకెళ్లాలన్న ఆలోచన బలపడింది.

తీసుకెళ్లడానికి బల్బు పనికిరాదు. వేడి పుడుతుంది, అంత చోటూ లేదు. అక్కడ అక్కరకొచ్చింది ఆప్టికల్ ఫైబరు. వంకర తిరిగిన గాజు పోగులోంచి వెలుగును ఈ చివర నుంచి ఆ చివరకు పంపే ఈ విద్యకు ఊపిరి పోసినవారిలో పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. ఆయన లండన్‌లో హాప్కిన్స్‌తో కలిసి చేసిన పని 1954లో 'నేచర్' పత్రికలో వచ్చింది. కంట్లోకి దిగే దీపానికి తలుపు తీసింది ఈ పోగులే. దీపం యంత్రంలో ఉంటుంది. వెలుగు మాత్రమే కంట్లోకి వస్తుంది. కృష్ణమ్మ బ్యారేజీ దగ్గర ఉంటే నీళ్లు గుడ్లవల్లేరు చేలోకి వచ్చినట్టు!

మాకెమర్ బృందం మొదట ఆ పోగులను కోత గొట్టం చుట్టూనే తొడుగులా అమర్చింది. దాంతో గొట్టం లావెక్కింది. కంటికి పెట్టే గాటూ పెద్దదైంది. 1970ల మధ్యలో కాలిఫోర్నియా వైద్యుడు కానర్ ఒమాలీ, ఇంజినీరు రాల్ఫ్ హైన్జ్ పనులను విడదీశారు. కంటి తెల్లగుడ్డు మీద మూడు చిన్న రంధ్రాలు. ఒకదాంట్లోంచి కన్ను కుంగిపోకుండా లోపలికి ద్రవం, రెండో దాంట్లోంచి దీపం, మూడో దాంట్లోంచి కోత పరికరం. ఒక్కో రంధ్రం 0.9 మిల్లీమీటరు. నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయివి. అక్కడైతే ముందున్న కటకానికీ వెనకున్న రెటీనాకూ తగలకుండా లోపలికి వెళ్లొచ్చు.

దీపం లోపలికి వచ్చాక మరో మేలు జరిగింది. విట్రియస్ జెల్లీ గాజులా పారదర్శకం. కనపడని దాన్ని కత్తిరించడం ఎలా? పెంకుటింట్లో పెంకుల సందులోంచి ఎండ గీత పడితే అందులో ధూళి కణాలు తేలుతూ కనిపిస్తాయి కదా... పక్కనుంచి పడే వెలుగులో జెల్లీ కూడా అలాగే పొగమంచులా బయటపడుతుంది. వెలుగు ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, ఏ పక్క నుంచి పడుతోందన్నదీ ముఖ్యమే.

చేతిలో లాంతరు... దూలానికి దీపం

మూడు రంధ్రాల పద్ధతిలో ఒక ఇబ్బంది మిగిలిపోయింది. డాక్టరుకు ఉన్నవి రెండే చేతులు. ఒక చేతిలో దీపం. ఇక పనిచేసేది ఒక్క చెయ్యే.

ఇంట్లో ఫ్యూజు పోయినప్పుడు గుర్తుందా? ఒక చేత్తో టార్చి పట్టుకుని ఇంకో చేత్తో తీగ చుట్టాలంటే ఎంత అవస్థ! అందుకే ''ఏమే, కాస్త ఇటు పట్టు'' అని పిలుపు. కంటి లోపల టార్చి పట్టేందుకు ఇంకో మనిషికి చోటు లేదు. మధుమేహంతో పుట్టిన పొరను రెటీనా నుంచి విడదీయాలంటే ఒక చేత్తో పొరను ఎత్తి పట్టాలి, ఇంకో చేత్తో కత్తిరించాలి. ఒంటి చేత్తో అయ్యే పని కాదది.

దీనికి దొరికిన ఉపాయం దీపాన్ని కంటి గోడకే తగిలించేయడం. సన్నటి ఫైబరును నాలుగో రంధ్రంలో గుచ్చితే అది అక్కడే నిలబడుతుంది. ఎవరూ పట్టుకోనక్కర్లేదు. పెద్ద హాల్లో పైనుంచి వేలాడే గుత్తి దీపంలా కన్నంతా పరుచుకునే వెలుగు ఇస్తుంది. అందుకే దానికి షాండ్లియర్ అని పేరు. 2003లో జర్మనీ వైద్యుడు క్లాస్ ఎకార్ట్ ఇలాంటివి రెండు ఒకేసారి అమర్చే పద్ధతి ప్రకటించారు. ఒక దీపం ఉంటే పరికరం నీడ పడుతుంది. రెండు వైపుల నుంచి వెలుగు ఉంటే ఒకదాని నీడను ఇంకోటి చెరిపేస్తుంది. 2007లో జపాన్‌లో ఒషిమా బృందం మరీ సన్నటి 27 గేజి షాండ్లియర్‌ను తెచ్చింది. దాని మందం 0.4 మిల్లీమీటరు మాత్రమే!

ఇక్కడే ఇంకో చిక్కు. రోగికి మేలని రంధ్రాలు సన్నబడుతూ వచ్చాయి. 2002లో 25 గేజి, 2005లో 23 గేజి, 2010లో 27 గేజి పద్ధతులు ప్రకటించారు. గాటు చిన్నదైతే చాలాసార్లు కుట్టు కూడా అక్కర్లేదు, త్వరగా మానుతుంది. కానీ దీపపు గొట్టం సన్నబడితే వెలుగూ తగ్గుతుంది. ఈ సంగతి డెల్టా రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. బోదె సన్నదైతే చేలోకి నీళ్లు చాలవు. పైన మట్టం పెంచాలి. కంటి వైద్యంలోనూ అదే చేశారు. పాత హాలోజెన్ బల్బుల బదులు మరింత కాంతినిచ్చే జినాన్ దీపాలు తెచ్చారు. తర్వాత పాదరసపు ఆవిరి దీపాలు, ఇప్పుడు ఎల్‌ఈడీలు.

కన్ను లోపలి దీపం కార్నియా వైద్యులకూ పనికొచ్చింది. కార్నియా ఉబ్బి మసకబారిన కంట్లో పల్చటి పొరను మార్పిడి చేసేటప్పుడు పైనుంచి వెలుగు వేస్తే పొగమంచులో కారు హెడ్‌లైట్ వేసినట్టే ఉంటుంది. అంతా తెలుపే. అదే ఫైబరు దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే లోపలి పొర అంచు, మడత తేటగా కనపడతాయి. చెన్నైలోని అగర్వాల్ కంటి ఆసుపత్రి వైద్యులు 2014లో ఈ కిటుకును వైద్య పత్రికలో వివరించారు. కొత్త యంత్రమేమీ కాదు. ఉన్న దీపాన్నే వేరే చోట పెట్టడం. అంతే!

వెలుగే కాటేస్తే...

ఇంకేం, దీపాన్ని ఎంత పెంచితే అంత మంచిది కదా? కాదు. గ్రహణం రోజున సూర్యుణ్ని నేరుగా చూడొద్దని పెద్దలు ఎందుకంటారు? రెటీనా మాడిపోతుందని. ఆపరేషన్ దీపం ఆ రెటీనాకు కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది! పైనుండే మైక్రోస్కోపు దీపం కూడా రెటీనాను దెబ్బతీయగలదని 1983లోనే వైద్యులు రాశారు. ఇక లోపలి దీపం సంగతి చెప్పాలా?

ఈ దెబ్బ ఎక్కువగా నీలి కాంతితో వస్తుంది. అందుకే యంత్రాల్లో పసుపు, ఆకుపచ్చ ఛాయల వడపోతలు పెట్టారు. మిగిలింది డాక్టరు చేతి క్రమశిక్షణ. దీపాన్ని రెటీనాకు దూరంగా ఉంచాలి. దూరం రెట్టింపైతే ఒక చోట పడే వెలుగు తీవ్రత సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. చూపు కేంద్రం మీద ఎక్కువసేపు నిలపకూడదు. పని లేనప్పుడు పక్కకు తిప్పాలి. రెటీనా మీది పొర మూడు మైక్రాన్లు కూడా ఉండకపోవచ్చు. అది కనపడటానికి నీలిరంగు మందు అద్దుతారు. అలాంటి కొన్ని రంగు మందులకు ఎక్కువ వెలుగు తోడైతే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి అప్పుడు ఇంకా జాగ్రత్త.

ఇటీవలి మార్పు మరీ ఆసక్తికరం. డాక్టరు మైక్రోస్కోపులోకి వంగి చూడ్డం మానేసి, త్రీడీ కళ్లద్దాలు పెట్టుకుని ఎదురుగా పెద్ద తెర మీద చూస్తూ ఆపరేషన్ చేసే పద్ధతి కొన్ని పెద్ద ఆసుపత్రుల్లోకి వచ్చింది. కెమెరా మసక వెలుగులోనూ బాగా చూడగలదు. కాబట్టి దీపాన్ని బాగా తగ్గించి పనిచేయొచ్చు. ఏళ్ల తరబడి వెలుగును పెంచడానికి తంటాలు పడ్డవాళ్లు ఇప్పుడు తగ్గించడానికి తంటాలు పడుతున్నారన్నమాట! కావాల్సింది ఎక్కువ వెలుగు కాదు... చాలినంత వెలుగు, సరైన చోట, సరైనంతసేపు.

బందరు రోడ్డు మీద ఓ చదువు

మళ్లీ మన దారికొద్దాం. గుడ్లవల్లేరు నుంచి గుడివాడ వచ్చి, కంకిపాడు చేరితే బందరు రోడ్డు తగులుతుంది. అక్కణ్నుంచి విజయవాడ వైపు తిరగ్గానే ఈడుపుగల్లు. చూస్తే రోడ్డు పక్క మామూలు ఊరే. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు చిన్ననాటి చదువు సాగింది ఇక్కడే. 1945లో కృష్ణా జిల్లా చోడవరంలో పుట్టారాయన. తండ్రి గోవిందప్ప నాయుడు కూడా కంటి వైద్యులే. గుంటూరు మెడికల్ కాలేజీ, ఢిల్లీ ఎయిమ్స్, ఆ తర్వాత అమెరికాలో కార్నియా నిపుణుడిగా పేరు... అన్నీ అయ్యాక 1986లో తిరిగి వచ్చేశారు.

ఆయన తలపెట్టిన ఆసుపత్రికి అండగా నిలిచింది సినిమా మనిషి. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టి, హిందీ, తెలుగు, తమిళ తొలి టాకీలు మూడింటిలోనూ కనిపించిన ఎల్.వి. ప్రసాద్. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. జీవితమంతా తెర మీద వెలుగుతో బొమ్మలు చూపించిన మనిషి, చివరికి కంటి తెరలను కాపాడే ఆసుపత్రికి చేయూతనివ్వడం చిత్రమే. 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ తలుపులు తెరిచింది.

ఈడుపుగల్లు దాటి, పోరంకి మీదుగా అదే రోడ్డున ముందుకొస్తే తాడిగడప. 2011లో ఆ సంస్థ ఇక్కడ కోడె వెంకటాద్రి చౌదరి ప్రాంగణం ప్రారంభించింది. అంటే నాగేశ్వరరావు చిన్నప్పుడు చదువుకున్న రోడ్డు మీదికే ఆ ఆసుపత్రి తిరిగొచ్చింది! దివిసీమ వాళ్లు, బందరు వాళ్లు, గుడివాడ వాళ్లు ఇక మద్రాసు, హైదరాబాద్ రైళ్లు వెతుక్కోవాల్సిన పని తగ్గింది.

ఈ సంస్థ పని తీరు ఓ పిరమిడ్‌లా ఉంటుంది. సుమారు 50 వేల మందికి ఒక ప్రాథమిక కంటి కేంద్రం, ఐదు లక్షల మందికి ఆపరేషన్లు చేసే ఒక గ్రామీణ ఆసుపత్రి, యాభై లక్షల మందికి తాడిగడప లాంటి ఒక పెద్ద ఆసుపత్రి, అన్నిటి పైన ఐదు కోట్ల మందికి హైదరాబాద్ కేంద్రం. కింది మెట్టులో ఉండే సాంకేతిక సిబ్బంది రెటీనా ఆపరేషన్ చేయలేరు. కానీ ''ఇది శుక్లం కాదు పెద్దాయనా, ఇవాళే బయల్దేరండి'' అని చెప్పగలరు. ఆ ఒక్క మాటకే ఎంత విలువో! ఖరీదైన దీపం తాడిగడపలో ఎంత వెలుగుతున్నా, పల్లెలో ఆ మాట చెప్పే మనిషి లేకపోతే అది చాలా కళ్లకు అందదు.

ఆపరేషన్ బల్ల మీద

రెటీనా ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్లకు గుండె దడ. నిజానికి పెద్దవాళ్లలో చాలామందికి కంటి పక్కన మత్తు సూది ఇచ్చి చేస్తారు. మనిషి మెలకువగానే ఉంటాడు. నొప్పి తెలియదు. గది దీపాలు ఆర్పేస్తారు. కంటి లోపల వెలుగు తప్ప ఇంకేమీ ఉండదు. కొంతమంది రోగులకు ఆ సమయంలో రంగురంగుల వెలుగులు, కదిలే నీడలు కనిపిస్తాయి. తమ కంట్లోనే తిరుగుతున్న పరికరాల నీడలవి! ముందే చెప్పకపోతే బెదిరిపోతారు. ''ఏవో నీడలు కదులుతాయి తాతగారూ, భయపడకండి, తల మాత్రం కదపొద్దు'' అని నర్సమ్మ చెప్పే మాట మత్తు మందుకు తోడుగా పనిచేస్తుంది.

జెల్లీ తీసేశాక చిరుగు చుట్టూ లేజర్‌తో అతుకు వేస్తారు. ఆ అతుకు గట్టిపడేదాకా రెటీనాను లోపలి నుంచి అదిమి పట్టుకోవడానికి ఒక వాయువు బుడగనో, సిలికాన్ నూనెనో కంట్లో నింపుతారు. వాయువు తనంతట తాను కరిగిపోతుంది. నూనెను తర్వాత తీసేయాల్సి రావచ్చు. బుడగ పైకి తేలుతుంది కాబట్టి, అది వెనక గోడను తాకాలంటే రోగి ముఖం కిందికి పెట్టుకుని రోజుల తరబడి ఉండాల్సి రావచ్చు. ఆపరేషన్ గంటా రెండు గంటలు... అసలు పరీక్ష ఇంటికొచ్చాకే! బోర్లా పడుకోబెట్టి, కంచం కింద పెట్టి తినిపించి, పలకరించడానికి వచ్చిన చుట్టాలను ''తల ఎత్తించకండి'' అని వారించే ఇల్లాలిదీ ఆ చికిత్సలో సగం పాత్ర.

ఇంకో ముఖ్యమైన మాట. కంట్లో వాయువు ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదు, ఎత్తైన కొండలెక్కకూడదు. పైకి వెళ్లే కొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి, కంట్లో బుడగ ఉబ్బుతుంది. ఉన్న చూపు కూడా పోవచ్చు. ఆపరేషన్ బాగా జరిగిందని వెంటనే తిరుమల మొక్కు తీర్చుకుందామనుకునేవాళ్లు డాక్టరును అడిగాకే బయల్దేరాలి. ఏడుకొండలవాడు కొన్ని వారాలు ఆగుతాడు. బుడగ ఆగదు.

తెర పడకముందే

ఏది కనిపిస్తే పరుగెత్తాలి? ఒక్కసారిగా నల్ల చుక్కలు, దోమలు, సాలెగూడు పోగులు ఎక్కువగా కనిపించడం. చీకట్లోనూ కంటి మూల మెరుపులు. ఏదో ఒక పక్క నుంచి తెరలా నీడ జరగడం. మధుమేహం ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి చూపు మసకబారడం. దూరపు చూపుకు మందపాటి అద్దాలు వాడేవాళ్లు, కంటికి దెబ్బ తగిలినవాళ్లు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడిన చరిత్ర ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. చక్కెర జబ్బు ఉంటే ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పదు.

చాలామందికి ఒక కన్ను పోతున్నట్టు తెలియదు. రెండో కన్ను ఆ లోటును కప్పేస్తుంది. గుడ్లవల్లేరు చేలో ఉన్న రైతుకైనా, పెడన మగ్గం మీది చేనేత కార్మికుడికైనా ఇదే వరస. తెలిసేసరికి తెర పూర్తిగా దిగిపోయి ఉంటుంది. నూటయాభై ఏళ్లకు పైగా ఎందరో బుర్ర బద్దలు కొట్టుకుని కంటి లోపలికి దీపాన్ని తీసుకెళ్లారు. సన్నం చేశారు, చేతికి బరువు లేకుండా గోడకు తగిలించారు, కాటేయకుండా కోరలు పీకారు. ఇప్పుడా దీపం బందరు రోడ్డు మీదే ఉంది. వేళకు అక్కడికి చేరడం ఒక్కటే మన వంతు.

ఎలాగూ ఆదివారం పేపరు చేతిలో ఉంది. ఎడమ కన్ను మూసి ఈ ఆఖరి పేరా చదవండి. తర్వాత కుడి కన్ను మూసి మళ్లీ చదవండి. పక్కన అమ్మో నాన్నో తాతయ్యో ఉంటే వాళ్ల చేతా చదివించండి. గీతలు వంకరగా కనిపించినా, మధ్యలో అక్షరాలు మాయమైనా, ఒక పక్క నీడ అడ్డొచ్చినా... కోతలయ్యేదాకా ఆగకండి. రేపు పొద్దున్న మొదటి బస్సుకే బయల్దేరండి.